ముందు బ్రేకు చప్పుడు

నిజామాబాద్, వినాయక్‌నగర్
జూలై

రెబెకాకు,

పాస్టరుగారు చెప్పినట్టే రాస్తున్నాను. "ఫోన్‌ల ఒకరి మాట ఒకరు ఇనకుండ అరుసుకునుడే అయితున్నది మీది. కోతల పండుగ దాకా ఫోన్ బంద్ పెట్టుండ్రి. చెప్పేదుంటే కాయితం మీద రాసుకోండ్రి. పండుగ నాడు ఇద్దరు నా ముందట కూసొని, కలిసి ఉంటరా లేదా తేల్చుండ్రి" అన్నాడు కదా. నువ్వు తల ఊపావు, నేనూ ఊపాను. బడి విడిచాక ఇంత పెద్దగా రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపకు.

ఖలీల్‌వాడిలో ఒక డాక్టరు దగ్గర పని కుదిరింది. రక్తం సీసాలు ల్యాబుకు చేరవేయాలి, రిపోర్టులు తేవాలి. రోజంతా సైకిల్ మీదే. మీ బాపు పెళ్లికి ఇచ్చిన సైకిలే అన్నం పెడుతోంది, ఆ మాట ఒప్పుకుంటాను. ఇక్కడ నన్ను ఎవరూ 'సైకిల్ దుకాణం రెబెకా మొగడు' అనరు. బెన్‌హర్ అంటారు. ఆ పిలుపు ఎంత హాయిగా ఉందో చెప్పినా నీకు అర్థం కాదు.

తిండికి ఇబ్బంది లేదు. స్నేహలత అని మా దగ్గర నర్సు ఉంది. "ఒక్కనివి ఏం వండుకుంటవ్, తిను" అని తన డబ్బాలోంచి పప్పుచారు పోస్తుంది. మంచి మనిషి, మంచి చెయ్యి.

అసలు సంగతి. బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయి. ఇక్కడి దుకాణాల్లో ఎరుపు, నీలం, నలుపు, పొడుగువి, పొట్టివి వేలాడదీసి పెట్టారు. ఏది కొనాలో తెలియదు. మన దుకాణం నుంచి రెండు చక్రాలకూ పంపు. బాలన్న కూరగాయల ఆటో ఇక్కడి గంజ్ మార్కెట్‌కు వస్తూనే ఉంటుంది కదా, అతని చేతికివ్వు.

బెన్‌హర్

~

కోటగిరి
జూలై

బెన్‌హర్ బావకు,

తప్పులు దిద్దలేదు. మొదలుపెడితే మొత్తం కొట్టేయాల్సి వస్తుంది.

రబ్బర్లు పంపడం లేదు. మన దుకాణం పద్ధతి మరిచిపోయావా? పాత ముక్క తెస్తేనే కొత్త ముక్క. బాపు ఉన్నప్పుడు తహసీల్దారు కొడుకు వచ్చినా ఇదే మాట. "పాత ముక్క సూస్తే బండి ఏడ తిరిగిందో, ఎవలు తోలిండ్రో అంత తెలుస్తది. సూడకుండ కొత్తది ఇచ్చుడంటే నాడి వట్టకుండ మందు ఇచ్చినట్టే" అనేవాడు. నువ్వు మొగుడివైనా సరే, పాతవి విప్పి పంపు. పైగా డాక్టరు దగ్గర పని చేస్తున్నావు, నాడి సంగతి నీకు తెలిసే ఉండాలి.

అక్కడ మాత్రం రంగు చూసి కొనకు. మన సైకిల్‌ది అల్యూమినియం రిమ్ము. ఇనుప రిమ్ముకు వేసే గట్టి రబ్బరు దానికి వేస్తే రిమ్మునే తినేస్తుంది. మరీ మెత్తటిది వేస్తే వానలో బాగా పడుతుంది కానీ తొందరగా అరుగుతుంది. గోరు గుచ్చి చూడు. గోరు దిగి, తీయగానే గుంట పూడిపోతే అది మంచి రబ్బరు. ఇది నాకు ఆత్మారాం నేర్పాడు. నువ్వు పోయాక దెగ్లూర్ దిక్కు నుంచి సామాను తెస్తున్నది ఆయనే. ప్రతి మంగళవారం వస్తాడు. సగం మరాఠీ, సగం తెలుగు. ఆయన వచ్చిన రోజు దుకాణంలో పొద్దు ఎట్లా పోతుందో తెలియదు.

అవ్వకు నీ ఉత్తరం చదివి వినిపించాను. "అల్లునికి పప్పుచారు అంత ఇష్టమని ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే" అంది. నాకూ చెప్పలేదు. మన ఇంట్లో గిన్నె పక్కకు జరిపేవాడివి.

రెబెకా

~

నిజామాబాద్
ఆగస్టు

రెబెకాకు,

ఇదిగో నీ పాత ముక్కలు. కాగితంలో చుట్టాను, బాలన్న పచ్చిమిర్చి సంచిలో పెట్టుకొని తెస్తాడు. కళ్లు రుద్దుకోకు.

ఇంకో సంగతి. ముందు బ్రేకు పట్టుకుంటే కీచుమంటోంది. నీకు తెలిసిన చప్పుడే. ఇక్కడ పేషెంట్లు ఉలిక్కిపడుతున్నారు. డాక్టరమ్మ నిన్న కిటికీలోంచి చూసి మరీ తిట్టింది. ఏం చేయాలో రాయి.

పని బాగుంది. స్నేహలత నిన్న బిర్యానీ తెచ్చింది.

ఆత్మారాం ఎవరు? సామాను బోధన్ నుంచే వచ్చేది కదా మనకు? శక్కర్‌నగర్ దగ్గర సేటు ఉండగా దెగ్లూర్ దాకా ఎందుకు? ఊరికే అడుగుతున్నాను. రబ్బరు మంచిదో కాదో గోరుతో చూడడం మీ బాపు కూడా నేర్పేవాడు. అందుకోసం మంగళవారం మంగళవారం ఒకరు రావాలా?

బెన్‌హర్

~

కోటగిరి
ఆగస్టు

బెన్‌హర్ బావకు,

ముక్కలు చూశాను. నువ్వు రిమ్ము తుడవడం లేదు. వాన బురద ఎండి రిమ్ముకు పట్టి, ఆ ఇసుకే రబ్బరును గీకుతోంది. రబ్బరులో వెండి రంగు పలుకులు దిగి ఉన్నాయి, సూదితో తీసి చూశాను, అవి రిమ్ము పొట్టు. ఇట్లాగే తోలితే రబ్బరుతో పాటు చక్రం కూడా పోతుంది. వారానికోసారి తడిబట్టతో రిమ్ము తుడువు. రబ్బరు మీద నిగనిగలాడే పొర కడితే సన్న ఎమరీ కాగితంతో రెండు రుద్దులు రుద్దు. దాని మీద గాట్లు ఉంటాయి చూడు, ఆ గాట్లు కనబడకుండా పోయిన రోజు మార్చాలి. నువ్వు ఇనుము తేలేదాకా తోలావు.

కీచుమనడానికి మందు సులువే. రబ్బరు ముందు కొస రిమ్ముకు ముందుగా తగలాలి, వెనుక కొస గోరంత ఎడంగా ఉండాలి. నట్టు బిగించే ముందు వెనుక కొస కింద అట్ట ముక్క పెట్టి బిగించి, తర్వాత అట్ట లాగేయ్. ఇంతకు ముందు వంద సార్లు చెప్పాను. మొగవాడికి పెళ్లాం సైకిల్ పాఠం చెబితే చెవికెక్కదు. ఆ చప్పుడుతోనే ఇన్నాళ్లు తిరిగావు. సాయంత్రం నువ్వు చర్చి మలుపు తిరిగితే దుకాణంలో నాకు, వంటింట్లో అవ్వకు వినబడేది. అవ్వ పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టేది. ఇప్పుడు ఎవరి సైకిల్ కీచుమన్నా ఆమె లేవబోయి కూర్చుంటోంది.

ఆత్మారాం మన దుకాణానికి ఎందుకు వస్తాడంటే, మంచి సరుకు తెస్తాడు కాబట్టి. మరాఠీ ముచ్చట్లు చెప్పి నవ్విస్తాడు కాబట్టి. నువ్వు ఉన్నప్పుడు దుకాణంలో నవ్వు ఎక్కడిది? మూతి ముడుచుకొని గుమ్మంలో కూర్చునేవాడివి, వచ్చిన గిరాకీ నన్నే పిలుస్తుందని.

కొత్తవి రెండు చక్రాలకూ పంపుతున్నాను. నాలుగు నెలలు భయం లేదు. బిర్యానీ చల్లారకముందే తిను.

రెబెకా

~

నిజామాబాద్
సెప్టెంబర్ ఆఖరు

రెబెకాకు,

కోప్పడకు. వెనుక చక్రం రబ్బర్లు మళ్లీ అయిపోయాయి. ఎందుకో నాకూ తెలియదు. సరుకే మెత్తగా ఉందేమో, మీ ఆత్మారాంను అడుగు. ముందువి బాగానే ఉన్నాయి. నాలుగూ విప్పి పంపుతున్నాను, చూసి వెనుకవి పంపు. ముందువి తిరిగి పంపేయ్.

ఇక్కడ విశేషాలు ఏమీ లేవు. సెలవు మంగళవారానికి మార్చుకున్నాను. ఆరోగ్యం బాగుంది. అవ్వకు వందనాలు చెప్పు.

బెన్‌హర్

~

కోటగిరి
అక్టోబర్

శ్రీ బెన్‌హర్ గారికి,

మీరు పంపిన రబ్బర్లు అందినవి. పరిశీలించితిని.

నాలుగు నెలల సరుకు నెల దాటగానే అయిపోయింది. సరుకు మెత్తదైతే ముందువి కూడా అరగాలి. ముందువి పెట్టెలోంచి తీసినట్టే ఉన్నాయి, గాట్లు కూడా మాయలేదు. వెనుకవి మాత్రం ఇనుము దాకా పోయాయి. ఒక్క మనిషి తోలే బండి ఇట్లా అరగదు. వెనుక క్యారియర్ మీద ఇంకో మనిషి కూర్చుంటే, ఆ మనిషి పడకుండా మెల్లగా ఆపడానికి వెనుక బ్రేకే పట్టుకుంటారు. ఇది నాకు ఏ ఆత్మారామూ చెప్పనక్కర లేదు. జయరాజ్ మేస్త్రీ బిడ్డను నేను.

ఇంకోటి. రబ్బరులో దిగి ఉన్నది ఎర్ర మొరం మట్టి. తెల్ల పలుకులు కలిసిన ఎర్ర మొరం. మీ గదికీ, ఖలీల్‌వాడికీ మధ్య తారు రోడ్డే కదా? మొరం ఎక్కడిది? సారంగాపూర్ గుట్ట దిక్కు పోతే ఉంటుంది. గుట్ట ఎక్కి దిగితే బ్రేకులూ అరుగుతాయి. చల్లగాలికి పోయే జంటలు అటు పోతారని బాలన్న చెప్పాడు. నేను అడగలేదు, అతనే చెప్పాడు. సరే, నేనే అడిగాను.

మూడోది. ఆదివారం ఆరాధన విడిచి మంగళవారం సెలవు పెట్టుకున్న క్రైస్తవుణ్ని మిమ్మల్నే చూస్తున్నాను. ఆ నర్సమ్మకు కూడా మంగళవారమేనా సెలవు?

నాలుగోది రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ రాస్తాను. మొదటి రెండు ఉత్తరాల్లో స్నేహలత, పప్పుచారు, బిర్యానీ. ఈ ఉత్తరంలో ఆమె పేరే లేదు. ఏమీ లేనప్పుడు మనిషి పేరు నోటికి సులువుగా వస్తుంది. ఏదో ఉన్నప్పుడే మింగుతాం. ఆ రెండు ఉత్తరాలు వచ్చినప్పుడు నాకు కడుపు మండింది. ఈ ఉత్తరం వచ్చిన రోజు అన్నం సయించలేదు. ఆమె ఎట్లా ఉంటుంది, నాకంటే తెల్లగా ఉంటుందా, చేతులు మెత్తగా ఉంటాయా, నా చేతుల్లా గ్రీజు వాసన రావు కదా, ఇదే ఆలోచన. దుకాణంలో పంక్చరు వేస్తూ ట్యూబును రెండు చోట్ల కోశాను.

వెనుక రబ్బర్లు పంపడం లేదు. ఇంకొకరిని ఎక్కించుకొని తిరగడానికి నా దుకాణం సరుకు ఇవ్వను. ముందువి మాత్రం తిప్పి పంపుతున్నాను, అవి మీవే. కోతల పండుగ దగ్గరికొచ్చింది. పాస్టరుగారి ముందు ఏం చెప్పాలో నాకు తెలిసిపోయింది.

ఇట్లు,
కె. రెబెకా

~

నిజామాబాద్
అక్టోబర్

రెబెకాకు,

కోపమొస్తే నువ్వు పుస్తకం భాషలోకి పోతావు. "పరిశీలించితిని" అట. పరిశీలించు తల్లీ, బాగా పరిశీలించు. మొగుడి ముఖం ఎట్లా ఉందో మరిచిపోయి మొగుడి బ్రేకు రబ్బర్లు సూదితో గుచ్చి చూసే ఆడది ఈ జిల్లాలో నువ్వొక్కదానివే ఉంటావు.

నేను ఎక్కడికి పోతే నీకెందుకు? నా సెలవు నా ఇష్టం. స్నేహలత పేరు రాస్తే తప్పు, రాయకపోతే తప్పు. నీకు నచ్చడం లేదని మానేశాను, దానికీ నేరమే కట్టావు.

మరి నీ సంగతి? ప్రతి ఉత్తరంలో ఆత్మారాం. ఆత్మారాం నేర్పాడు, ఆత్మారాం నవ్వించాడు. పెళ్లయి ఆరేండ్లు. నా ముందు ఎప్పుడన్నా చేతిలో రెంచీ పడేసి, పొట్ట పట్టుకొని నవ్వావా? ఆ గళ్ల టోపీవాడు అంత గొప్పగా ఏం చెప్పాడు? ఏ జన్మలో చూడని నవ్వు నవ్వావు. దుకాణం నీది, ఊరు నీది, గిరాకీ నీది, ఇప్పుడు నవ్వు కూడా వేరే వాళ్లకే. నాకు ఏం మిగిలింది అందులో?

పండుగ నాడు నువ్వేం చెప్పాలనుకుంటున్నావో చెప్పుకో. నేను కాదనను.

బెన్‌హర్

~

కోటగిరి
అక్టోబర్ చివర

బెన్‌హర్‌కు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను. అవ్వ చేతిలోంచి లాక్కుంది. "కోపంల రాసిన కాయితం, కోపం దిగినంక మల్ల సదువు" అంది. దాచి పెట్టాను.

తెల్లారి గంగమణి వచ్చింది. కాలువ గడ్డ మీద ఉండే ఆశా వర్కరు, నీకు తెలుసు. ఇంటింటికీ సైకిల్ మీదే తిరుగుతుంది. బ్రేకు రబ్బర్లు నా ముందు పడేసింది. "రెబెకక్కా, నీ సరుకు ఖరాబయింది. చర్చి ఎన్కల గల్లీల పైపులు ఏసి మొరం పోసిండ్రు, అప్పటిసంది నెల గూడ ఆగుతలేవు" అంది. తీసి చూశాను. ఎర్ర మొరం. అందులో తెల్ల పలుకులు.

నీవి డబ్బా మూతలో అట్లాగే ఉన్నాయి. పారేయలేదు. ఎందుకు పారేయలేదని అడగకు. రెండూ పక్కపక్కన పెట్టాను. ఒకే మట్టి, ఒకే పలుకులు. సారంగాపూర్ గుట్ట మట్టి ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. చూసినట్టే రాశాను.

అప్పుడు నీ ఉత్తరం మళ్లీ తీశాను. గళ్ల టోపీ. ఆత్మారాం ఆ టోపీ కొన్నది వినాయక నిమజ్జనం అయ్యాక, కోటగిరి సంతలో. నువ్వు ఊరు విడిచిన చాలా రోజులకు. ఆ సంగతి నేను నీకు రాయనే లేదు. నా చేతిలో రెంచీ పడడం, పొట్ట పట్టుకోవడం, ఇవీ రాయలేదు.

మంగళవారం సెలవు స్నేహలత కోసం కాదు. మంగళవారం ఆత్మారాం వచ్చే రోజు.

నువ్వు నిజామాబాద్ నుంచి బోధన్ మీదుగా ఇక్కడిదాకా సైకిల్ తొక్కుకుంటూ వచ్చావు. ఒక్కసారి కాదు, ఒక్కసారి వస్తే రబ్బర్లు ఇనుము తేలవు. వచ్చి, చర్చి వెనుక నిలబడి నన్ను చూసి, నా దుకాణం గడప తొక్కకుండా తిరిగి పోయావు. దొంగను చూసినట్టు చూశావు నన్ను.

ఒక్క మాటకు జవాబు రాయి. వెనుక క్యారియర్ మీద ఎవరు కూర్చున్నారు? ఎవరూ లేకపోతే ముందు రబ్బర్లు కొత్తవి ఎట్లా ఉన్నాయి, వెనుకవి ఎందుకు చచ్చాయి? ఇది ఎంత ఆలోచించినా నాకు అందడం లేదు. జవాబు వస్తేనే పండుగ నాడు ఏం చెప్పాలో తేల్చుకుంటాను.

రెబెకా

~

నిజామాబాద్
నవంబర్

రెబెకాకు,

దొరికిపోయాను. రాస్తాను.

నీ మొదటి ఉత్తరం నుంచే ఆత్మారాం నా గొంతులో పడ్డాడు. మింగలేను, కక్కలేను. పనిలో సీసాలు మార్చి ఇచ్చాను, డాక్టరమ్మ చేత తిట్లు తిన్నాను. ఒక్కసారి మనిషిని చూస్తే మనసు కుదుటపడుతుందనుకున్నాను. డాక్టరమ్మను బతిమాలి సెలవు మార్చుకున్నాను. చీకటితో బయలుదేరి బోధన్‌లో చాయ్ తాగి, కోటగిరి చేరేసరికి ఎండ ఎక్కింది. చర్చి వెనుక గల్లీలోంచి వచ్చి లింబయ్య కాక చాయ్ హోటల్ తడిక పక్కన నిలబడ్డాను. మొహానికి తువ్వాలు చుట్టుకున్నాను. అక్కడి నుంచి మన దుకాణం గడప కనబడుతుంది, నీకు తెలుసు.

కాక గుర్తుపట్టాడు. "ఏం అల్లుడా, ఇంటికి పోతలేవా?" అన్నాడు. "నేను బెన్‌హర్‌ను కాదు" అన్నాను. ఆయన నన్నూ సైకిల్‌నూ చూసి, "అట్లనా, మరి కాని మనిషికి చాయ్ పొయ్యాల్నా" అని అడిగాడు. తాగాను.

టోపీ పెట్టుకున్న మనిషి వీపు కనబడింది. అతని ఎదురుగా నువ్వు. ఏదో చెబుతున్నావు, చెబుతూ చెబుతూ నవ్వు ఆపుకోలేక కూలబడ్డావు. రెంచీ కింద పడింది. వచ్చి గడపలో నిలబడితే ఆ నవ్వు ఆగిపోతుంది. నన్ను చూడగానే నీ ముఖం మారుతుంది. ఆ మారడం కళ్లతో చూడలేక తిరిగి పోయాను. ఇక రాకూడదనుకున్నాను. మళ్లీ మంగళవారం వచ్చాను. ఆ తర్వాత కూడా.

వెనుక రబ్బర్ల సంగతి. క్యారియర్ మీద ఎవరూ లేరు. ముందు బ్రేకు పట్టుకుంటే కీచుమంటుంది. అట్ట ముక్క పెట్టి బిగించమన్నావు, పెట్టలేదు. నువ్వు చెప్పినట్టు చేస్తే నువ్వే గెలిచినట్టు అనిపించింది. కోటగిరిలో ఆ చప్పుడు వినబడితే నువ్వు తల ఎత్తకుండానే గుర్తుపడతావు, అవ్వ చాయ్ పెడుతుంది. ఇక్కడ డాక్టరమ్మ తిట్లకు భయపడి ముందు బ్రేకు ఎట్లాగూ పట్టడం లేదు, అందుకని బోధన్ దాటిన దగ్గర నుంచి అసలే ముట్టలేదు. మొరంలో, దిగుడులో, గేదెలు అడ్డం వచ్చినా వెనుక బ్రేకే పట్టాను. రానూ పోనూ అదే. నీకు వినబడకుండా ఉండడానికే అవి అరిగిపోయాయి.

స్నేహలతకు స్కూటీ ఉంది. నా క్యారియర్ ఎక్కమన్నా ఎక్కదు. నన్ను "అన్నా" అని పిలుస్తుంది. ఆ మాట మొదటి ఉత్తరంలో రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను ఆ కాగితాన్ని. నీకు కొంచెం మండాలని.

ఇప్పుడు బండికి వెనుక బ్రేకు లేదు. ముందు బ్రేకు పట్టుకుంటే వీధి అంతా తిరిగి చూస్తోంది. పండుగకు వస్తాను. పాస్టరుగారి ముందు నువ్వు ఏం చెప్పినా సరే. కానీ ఆ రోజు ఎందుకు అంతగా నవ్వావో మాత్రం నాకు చెప్పు. అది తెలియకుండా విడిపోలేను.

బెన్‌హర్

~

కోటగిరి
నవంబర్, పండుగ ముందటి వారం

బావా,

ఇగ బడి భాష చాలు. నోట్లెకెల్లి వచ్చినట్టే రాస్తున్న, సదువుకో.

ఆత్మారాంకు అరవై దాటినయ్. కట్టుడు పండ్లు. నవ్వితే పై వరస కిందికొస్తది, టోపీతోని అడ్డం పెట్టుకుంటడు. మనుమరాలి పెండ్లి ఉన్నది ఆయనకు మాఘంల. గీ ముచ్చట నీకు రాయాల్నని ఎన్నోసార్లు అనుకున్న, రాయలే. నువ్వు పప్పుచారు రాసినవ్, నేను వయసు దాసిన. నీకు కొంచెం మండాలనుకున్న. నువ్వైతే మండి మండి బోధన్ దాటినవ్.

ఎందుకు నవ్విన్నో చెప్త. ఆయన రబ్బర్ల డబ్బ ఇప్పి, "వీటిల గూడ ఎన్క ముందు సూడకుండ బిగించెటోళ్లు ఉంటరా అమ్మా" అని అడిగిండు. ఉన్నడు, మా ఆయనే అన్న. నువ్వు నన్ను సూడవచ్చిన దినం యాదికున్నదా? కొత్త రబ్బర్లు నువ్వే బిగించుకొని టాకుటీకుగ వచ్చినవ్. రబ్బరు కూసునే ఇనుప గూటికి ఇప్పి ఉన్న కొస ముందటికి, మూసి ఉన్న కొస ఎన్కకు. బాపు ముందట స్టయిల్‌గ బ్రేకు వట్టినవ్. రబ్బర్లు గూట్లెకెల్లి జారి ఎగిరిపోయినయ్. నువ్వు ఆగలే. పక్కింటి హన్మవ్వ ఎండవోసిన మిరపకాయల కుప్పలకు సక్కగ పోయినవ్. నువ్వు తుమ్ముతున్నవ్, హన్మవ్వ తిట్టుకుంట తుమ్ముతున్నది, పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టి తుమ్మిండు. బాపు కండ్లు తుడుసుకుంట, "గీ పిలగాడే కావాల్నా నీకు" అని అడిగితే, కావాలన్న. గది చెప్పుకుంట నవ్విన. నీ గురించి నవ్విన, బావా. నువ్వు తడిక ఎన్కల నిలవడి నీ మీద నువ్వే కుళ్లుకున్నవ్.

గిది సదివి ఉబ్బకు. నాకింక కోపం పోలే. మూతి ముడుసుకొని గడపల కూసునెటోనితోని ఎవలు నవ్వుతరు? గిరాకీ నన్ను పిలుస్తదని నీకు కుళ్లు. నువ్వు టౌన్‌ల బెన్‌హర్ అయినవని నాకు కుళ్లు. నేను యాడికి పోయినా జయరాజ్ మేస్త్రీ బిడ్డనే, నన్నెవలు రెబెకా అని ఉత్తగ పిలుస్తరు? నువ్వొక్కనివే పిలుస్తుంటివి. నువ్వు పోయినంక గా పిలుపు గూడ పోయింది.

పాస్టరుగారి ముందట చెప్పేది ఇప్పుడే చెప్తున్న. దుకాణం ఇడువ. నిన్ను డాక్టరమ్మ పని ఇడువమని అన. సెలవు మల్ల ఆదివారానికి మార్సుకో. శనివారం పొద్దుగూకంగ రా, సోమవారం బాలన్న ఆటోల సైకిల్ ఏసుకొని పో. ఇష్టముంటే పండుగ నాడు ఇదే మాట నువ్వు గూడ చెప్పు. లేకుంటే నోరు మూసుకొని కూసో, నేనే చెప్త.

ఎన్కటి రబ్బర్లు గీ కాయితంతోని పంపుతున్న. పాత ముక్క అడుగుత లేను, డబ్బా మూతల నా దగ్గరనే ఉన్నయ్. మూసి ఉన్న కొస ముందటికి. యాది పెట్టుకో.

ముందటివి మాత్రం నువ్వు ముట్టకు. అట్ట ముక్క పెట్టకు, రుద్దకు, నూనె సుక్క గూడ తగిలియ్యకు. ఎట్లున్నయో అట్లనే ఉండనీ. చర్చి మలుపు కాడికి వచ్చినంక ఎన్క బ్రేకు ముట్టకు. ముందటి బ్రేకే వట్టు, గట్టిగ వట్టు. అవ్వ చాయ్ గిన్నె కడిగి పొయ్యి పక్కకు పెట్టుకున్నది.

రెబెకా